యుద్ధానుభవములు - టెలివిజను నాటకములు



నేడు మన గ్రామములలో టెలివిజను లేని యిల్లు అరుదు. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట ఇంటిల్లిపాదియు దాని యెదుట గూర్చుండుట పరిపాటి యైనది. పట్టణములలో చదువుకొను మనుమలు సెలవులకు వచ్చినపుడు చేతి ఫోనునందే దేశదేశముల నాటకములను తెఱచి మనకు చూపుచున్నారు. అట్టి నాటకములలో నొక తెగను గుఱించి ఈ ప్రసంగమున ముచ్చటింప దలచితిని. యుద్ధరంగమున నిజముగ పోరాడిన సైనికుల అనుభవములను ఆధారముగ గొని కూర్చిన నాటకములు అవి. మొదట "ఇది జరిగిన కథ" యను భావము గల వ్రాత తెఱమీద కనబడును. వెంటనే ఫిరంగులు మ్రోగును, మనుష్యులు కూలుదురు, చూచువారి కన్నులు చెమ్మగిల్లును.

ఇట్టివానిని చూచువారిలో రెండు విధముల వారు కలరు. "కన్నులార చూచితిమి, ఇక సందేహ మేల?" యనువారు కొందఱు. "నాటకమే గదా! రంగు పూసికొన్న వేషగాండ్ర మాటలలో నిజ మెక్కడిది?" అని త్రోసివేయువారు మఱికొందఱు. ఈ రెండును తొందరపాటు తీర్పులే. మొదటివారు తెఱనే సాక్షిగా భ్రమించుచున్నారు. రెండవవారు తెఱవెనుక నిలిచియున్న సాక్షిని లేడనుచున్నారు. ఇట్టి నాటకములలో నిజ మెంత, కల్పన యెంత, కల్పనకు హద్దు ఎక్కడ అను విషయమును కొంత నిదానముగ విచారింతము.

ఈ విచారణ మనకు క్రొత్తది కాదు. పదవ శతాబ్దమున ధనంజయుడు రచించిన దశరూపకమున నాటకమునకు దగిన ఇతివృత్తము మూడు విధములుగ చెప్పబడినది. లోకమున అదివఱకే ప్రసిద్ధమైన కథ ప్రఖ్యాతము. కవి తన బుద్ధిచే కల్పించినది ఉత్పాద్యము. ఈ రెండును కలిసినది మిశ్రము. మనము చెప్పుకొను యుద్ధనాటకములు ఈ మూడవ తెగకు చెందినవి. పేరు, ఊరు, తేదీ, పోరు, మరణము నిజములు. మాటలు, చూపులు, కొన్ని కలయికలు కల్పితములు.

అదే గ్రంథమున మఱియొక సూత్రము గలదు. మూలకథలో నాయకుని గౌరవమునకు గాని రసమునకు గాని విరుద్ధమైన అంశ మున్నచో కవి దానిని విడిచిపెట్టవచ్చును, లేదా మఱియొక విధముగ మార్చుకొనవచ్చును. కాళిదాసు చేసిన దదియే. మహాభారతమందలి శకుంతలోపాఖ్యానమున దుర్వాసుని శాపము లేదు, ఉంగరము లేదు. అందలి దుష్యంతుడు తెలిసియు తెలియనివానివలె పలికెను. కాళిదాసు శాపమును, ఉంగరమును కల్పించి రాజును అపకీర్తినుండి తప్పించెను. దానిచే నెవరును మోసపోలేదు. ఏలయన సభలో గూర్చున్నవారికి భారతకథ ముందే తెలియును. మూల మిది, మార్పు ఇది యని పోల్చి చూచుకొని వారు కవి నేర్పును మెచ్చుకొనిరి.

మన విషయమునకు కీలక మిక్కడనే యున్నది. సామాన్య సైనికుని కథ ప్రఖ్యాతము కాదు. అతని పేరు ఏ పురాణమునందును లేదు, ఏ శాసనమునందును లేదు. చూచువానికి తెఱమీది కథ తప్ప పోల్చుకొనుటకు వేఱొక ప్రతి లేదు. కావున నాటకకర్త చేసిన మార్పు మార్పుగా కనబడదు. అదియే చరిత్రమై నిలిచిపోవును. దుష్యంతుని విషయమున కవికి చెల్లిన స్వాతంత్ర్యము సైనికుని విషయమున చెల్లదు. ఈ యొక్క మాటను మనస్సున నుంచుకొని, లోకప్రసిద్ధమైన ఒక నాటకమును పరిశీలింతము.

2001వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలో హెచ్. బి. ఓ. అను టెలివిజను సంస్థ "బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్" అను నాటకమును ప్రసారము చేయ నారంభించెను. సోదరుల దండు అని దాని యర్థము. షేక్స్పియరు మహాకవి వ్రాసిన అయిదవ హెన్రీ నాటకమున రాజు పోరునకు ముందు సైనికులతో పలికిన పలుకులనుండి ఈ పేరు గ్రహింపబడినది. సినిమారంగమున పేరుగన్న స్టీవెన్ స్పీల్‌బర్గు, టామ్ హాంక్సు దీని ముఖ్య నిర్మాతలు. నాటకము పది భాగములు. దీనికైన వ్యయము సుమారు 12 కోట్ల 50 లక్షల డాలర్లు.

ఇందలి కథ ఒక కంపెనీ కథ. కంపెనీ యనగా ఇక్కడ వర్తకసంఘము గాదు, నూఱుమందికి పైబడిన సైనికుల దళము. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యమందలి 101వ ఎయిర్‌బోర్న్ డివిజనులో 506వ పారాచూటు రెజిమెంటునకు చెందిన ఈ దళమును "ఈజీ కంపెనీ" యనిరి. 1942లో జార్జియా రాష్ట్రమున టొకోవా అను శిబిరమునందు సుమారు 140 మంది యువకులతో ఇది యేర్పడెను. అచట కుర్రహీ యను కొండ గలదు. మూడు మైళ్లు పైకి, మూడు మైళ్లు క్రిందికి ఆ కొండమీద పరుగెత్తుట వారి శిక్షణలో ముఖ్యభాగము. 1944 జూన్ 5వ తేదీ రాత్రి వారు ఇంగ్లండున విమానము లెక్కి, 6వ తేదీ తెల్లవారకమునుపే ఫ్రాన్సు దేశపు నార్మండీ ప్రాంతమున చీకటిలోనికి దుమికిరి. ఆ సెప్టెంబరులో హాలండు, డిసెంబరులో బెల్జియమునందలి బాస్టోన్, పిమ్మట జర్మనీ, తుదకు ఆస్ట్రియా. 1945 మే మాసమున ఐరోపా యుద్ధము ముగియువఱకు ఆ కంపెనీ నడిచిన దారియే నాటకము నడిచిన దారి.

దీనికి మూలము స్టీఫెన్ ఆంబ్రోజ్ అను చరిత్రకారుడు 1992లో ప్రకటించిన గ్రంథము. అతడు 1988లో ఈ కంపెనీ సైనికుల సమ్మేళనమున వారిని కలిసికొని, వారి నోట వినిన సంగతులను, వారి లేఖలను చేర్చి గ్రంథము కూర్చెను. నాటకము తీయునాటికి వారిలో పలువురు జీవించియే యుండిరి. నటులు కొందఱు తాము ధరింపవలసిన పాత్రల అసలు మనుష్యులతో స్వయముగ మాటలాడి, వారి నడక, పలుకుబడి, చిన్ననాటి ముచ్చటలు తెలిసికొనిరి. మెరీను సేనలో పనిచేసి విరమించిన డేల్ డై అను కాప్టెను ఆ నటులను పది దినములు సైనికులవలెనే మట్టిలో పొరలించి, నిద్ర మాన్పించి, బరువులు మోయించెను. ఇంగ్లండున హాట్‌ఫీల్డు అను పాత విమానస్థలమున ఐరోపా గ్రామములను నిర్మించి చిత్రీకరణము జరిపిరి. 2001 జూన్ 6వ తేదీన, అనగా ఆ దండయాత్ర జరిగిన యేబదియేడేండ్లకు అదే దినమున, నార్మండీ తీరమున ప్రథమ ప్రదర్శనము గావించి వృద్ధసైనికులను అచటికి కొనిపోయిరి.

ఈ నాటకమున మిక్కిలి మెచ్చదగిన యేర్పా టొకటి గలదు. ప్రతిభాగము మొదట కొందఱు వృద్ధుల ముఖములు కనబడును. వారు నటులు కారు, ఆ కంపెనీలో పోరాడినవారే. ఒకరు నవ్వుచు చెప్పుదురు, ఒకరు చెప్పుచు చెప్పుచు ఆగిపోవుదురు. కాని వారి పేర్లు తెఱమీద వేయలేదు. తుదిభాగమున మాత్రమే ఎవరు ఎవరో తెలియును. ముందే పేరు వేసినచో, కథలో ఎవరు బ్రతికి బయటపడుదురో చూచువానికి తెలిసిపోవును. పేరు దాచుటచే, తోడివాడు మఱునాడు ఉండునో ఉండడో తెలియని సైనికుని స్థితియే చూచువానికిని కొంత కలుగును. అంతేకాక, ఈ యుక్తిచే సాక్షి వేఱు, నటుడు వేఱు అని నాటకమే మనకు చూపుచున్నది. కల్పనకు ప్రక్కనే మూలము నిలుపుట నిజాయితీ గల పని.

ఇక నిట్టి నాటకములవలన కలుగు మేలు ఏమి? మన నాట్యశాస్త్రకారులు యుద్ధము, వధ, నగరముల ముట్టడి మొదలగువానిని రంగస్థలమున ప్రత్యక్షముగ చూపరాదని, ప్రవేశకాదులలో పాత్రల మాటలచే సూచింపవలెనని శాసించిరి. మన హరికథలలోను, జంగముకథలలోను యుద్ధము వినబడును గాని కనబడదు. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధమును మనము తరతరములుగ వినుచున్నాము. రంగారాయుడు, పాపారాయుడు, మల్లమదేవి మన కన్నుల గట్టినట్లుందురు. కాని ఆ కోటగోడమీద నిలిచిన సామాన్య భటుడు ఆ ఉదయమున ఏమి తినెనో, ఎవరిని తలచుకొనెనో, అతని చేతులు వణకెనో లేదో ఏ పాటయు చెప్పదు. వీరకథ నాయకునిది. ఈ క్రొత్త నాటకములు మాత్రము కెమెరాను భటుని ప్రక్కన నిలిపినవి. అది వీని ముఖ్యగుణము.

బాస్టోన్ ఘట్టమునే చూడుడు. 1944 డిసెంబరున జర్మను సేనలు ఆ పట్టణమును చుట్టుముట్టెను. ఈజీ కంపెనీవారు ఊరి వెలుపలి అడవిలో మంచుతో గడ్డకట్టిన నేలను త్రవ్వి గుంటలలో నుండిరి. చలికాలపు దుస్తులు చాలవు, మందులు చాలవు, గుండ్లును లెక్కపెట్టి వాడవలసినదే. నాటకమున ఆ భాగమంతయు ఒక వైద్యభటుని చుట్టు తిరుగును. అతడు చంపువాడు కాడు. ఒక గుంటనుండి మఱియొక గుంటకు పరుగెత్తి, కత్తెర కలదా, కట్టుగుడ్డ కలదా యని అడుగుకొను వాడు. అచట వీరరసము తక్కువ, కరుణము, భయానకము, బీభత్సము ఎక్కువ. యుద్ధమున అధికభాగము పోరు కాదనియు, చలి, ఆకలి, నిరీక్షణము, కాళ్ల పుండ్లు, తోడివాని కొఱకు బెంగ అనియు చూచువానికి తెలియును. ఈ సంగతి ఏ చరిత్రపాఠమునందును ఇంత స్పష్టముగ తెలియదు.

మా ప్రాంతమున 1971వ సంవత్సరపు యుద్ధమున పనిచేసి వచ్చినవారొకరు కలరు. ఊరివారు వారిని సుబేదారుగారని పిలుతురు. ఒకనాడు వారి మనుమడు ఈ భాగమును చూపుచుండగా నేనును అచట నుంటిని. కాల్పులు జరుగుచున్నంతసేపు వారు నిశ్చలముగ చూచుచుండిరి. మంచుగుంటలో ఇరువురు భటులు చలికి ఒకరినొకరు ఆనుకొని గూర్చున్న చోట మాత్రము లేచి దొడ్డిలోనికి వెడలిపోయిరి. తరువాత నేనడుగగా, "ఆ కాల్పులు ఎవరివో లాగున్నవి, మాస్టారూ, చూడగలను. ఆ గుంట మాత్రము మాదే" అనిరి. వారు పోరాడిన దేశము వేఱు, కాలము వేఱు, అచట మంచును లేదు. ఐనను నాటకకర్త ఒక నిజమును పట్టుకొనెనని వారి మాటయే సాక్ష్యము. శాస్త్రకారులు సాధారణీకరణ మనునది ఇదియే కాబోలు.

కాని అనుభవము నిజమైనంతమాత్రమున సంఘటనము నిజమని చెప్పరాదు. అదే బాస్టోన్ భాగమున ఆ వైద్యభటునికి, పట్టణమందలి చికిత్సాలయమున పనిచేయు రెనే లెమేర్ అను నర్సునకు నడుమ మాటలేని స్నేహమొకటి చూపబడినది. రెనే లెమేర్ కల్పితపాత్ర కాదు. 1944 డిసెంబరు 24వ తేదీ రాత్రి బాంబులు పడి ఆ చికిత్సాలయము కూలగా ఆమె గాయపడినవారితోడనే మరణించెను. కాని ఆ స్నేహము నాటకకర్త అల్లినది. ఆమెతోపాటు నల్లని మేని నర్సు ఒకతె అన్నా యను పేర కొద్దిసేపు కనబడును. ఆమెకు మూలమైన ఆగస్టా చివీ, బెల్జియము వాని తండ్రికి కాంగో దేశపు తల్లికి జన్మించినది. ఆమె ఆ బాంబులనుండి బ్రతికి బయటపడి, నాటకము ప్రసారమైననాటికిని బెల్జియమునందే యుండెను. లోకము ఆమెను గుర్తించి 2011లో సత్కరించెను. 2015లో ఆమె దివంగతురా లయ్యెను. నాటకమున ఆమెకు దక్కినది కొన్ని క్షణములు, మాఱుపేరు మాత్రమే. కల్పించిన స్నేహమునకు చోటు దొరకినది, జీవించియున్న సాక్షికి దొరకలేదు.

ఇంతకంటె గట్టి ఉదాహరణ మొకటి గలదు. మూడవ భాగము ఆల్బర్టు బ్లైత్ అను యువసైనికుని కథ. నార్మండీలో కారంటాన్ పట్టణమువద్ద జరిగిన పోరులో భయముచే అతనికి కొంతసేపు కన్నులు కనబడకపోయెను. పిమ్మట ధైర్యము తెచ్చుకొని ముందునకు పోయి, గుండు తగిలి పడిపోయెను. ఆ భాగము తుదిని తెఱమీద వ్రాత కనబడును. బ్లైత్ ఆ గాయమునుండి కోలుకొనలేదనియు, 1948లో మరణించెననియు దాని సారాంశము. చూచిన లక్షలాది జనులు నిట్టూర్చిరి.

నిజమేమనగా, బ్లైత్ 1948లో మరణింపలేదు. గాయము మానినది. అతడు సైన్యమునందే యుండి పారాచూటు సైనికుడుగ ఏండ్ల తరబడి కొలువు చేసెను. 1967 డిసెంబరున జర్మనీదేశమున అనారోగ్యముచే మరణించెను. అమెరికాలో సైనికుల కొఱకు ఏర్పడిన ఆర్లింగ్టన్ శ్మశానమున అతని సమాధి కలదు. నాటకము ప్రసారమైన పిమ్మట అతని కుటుంబమువారే ఈ తప్పును లోకమునకు తెలిపిరి. పందొమ్మిది సంవత్సరముల జీవితము, ఆ జీవితమందలి కొలువు, కుటుంబము, కష్టసుఖములు ఒక్క వాక్యముచే తుడిచివేయబడినవి. తండ్రి లేడని తెఱమీద చదువుకొన్న బిడ్డల మనస్సు ఎట్లుండునో మీరే యూహింపుడు. పైగా భయపడినవాడు, విఱిగిపోయి మరణించినవాడు అను చిత్రమే జనుల మనస్సున నిలిచెను. భయమును జయించి మఱి ఇరువదియేండ్లు సైన్యమున నిలిచినవాడను నిజము మఱుగున పడెను.

ఈ తప్పు దురుద్దేశముచే జరిగినది కాదు. నాటకకర్తకు మూలము గ్రంథము. గ్రంథకర్తకు మూలము తోడిసైనికుల మాట. తోడిసైనికులు బ్లైత్ చనిపోయెననియే నిజముగ నమ్మియుండిరి. గాయపడినవానిని ఆసుపత్రికి పంపివేసిరి, అతడు మఱల కంపెనీకి రాలేదు, పిమ్మట ఎవరో యేమో యనిరి. ఇంతే. న్యాయశాస్త్రమున ఆప్తవాక్యము ప్రమాణమని చెప్పుదురు. ఆప్తుడనగా విషయమును ఉన్నదున్నట్లు ఎఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పువాడు. ఈ సైనికులు అబద్ధ మాడువారు కారు. తాము నిలిచిన గుంటలో జరిగినదానికి వారు ఆప్తులే. కాని తమ కన్నుల యెదుట లేని మిత్రుని చావునకు వారు ఆప్తులు కారు, విన్నవారు మాత్రమే. చూచినదియు, విన్నదియు ఒకే నోటనుండి, ఒకే కంఠస్వరముతో వచ్చుటచే రెంటికిని ఒకే విలువ కట్టిరి. తప్పు పుట్టిన దిక్కడ.

కురుక్షేత్రమును ధృతరాష్ట్రునకు వినిపించిన సంజయునకు దివ్యదృష్టి కలదు. వ్యాసుని యనుగ్రహముచే రణమంతయు, యోధుల మనస్సులలోని మాటయు అతనికి తెలియును. నిజమైన యుద్ధమున నిజమైన సైనికునికి అట్టి దృష్టి లేదు. తన యెదుటి పొదయు, ప్రక్కనున్న మిత్రుడును, తలపై ప్రేలుడును మాత్రమే అతనికి తెలిసినవి. గ్రుడ్డివారు ఏనుగును తడవినట్లు ఒక్కొక్కడు ఒక్కొక్క అవయవమును చెప్పును. కెమెరా మాత్రము సంజయునివలె అన్ని చోట్లకు పోవును, ఇరుపక్షములను చూపును, గుంటలోపలి గుసగుసలను వినిపించును. ఆ దివ్యదృష్టి ఏబదియేండ్ల పిమ్మట మనుష్యులు కుట్టి కూర్చినదని మనము మఱవరాదు.

కాలవ్యవధియు లెక్కింపదగినదే. ఏబదియేండ్లనాటి జ్ఞాపకమునకును, ఆనాడే వ్రాసికొన్న గుఱుతులకును భేదము గలదు. ఇదే నిర్మాతలు 2010లో "ది పసిఫిక్" అను పేర మఱియొక పదిభాగముల నాటకము తీసిరి. ఇది జపానువారితో పసిఫిక్ సముద్రద్వీపములలో జరిగిన యుద్ధము. దీనికి ముఖ్యాధారములు రెండు గ్రంథములు. ఆ రెండును ఆ యుద్ధమున స్వయముగ పోరాడిన సైనికులు వ్రాసినవే. ఒకటి రాబర్టు లెక్కీ 1957లో ప్రకటించినది, రెండవది యూజీన్ స్లెడ్జి 1981లో ప్రకటించినది. దినచర్య వ్రాసికొనుట సైనికులకు నిషిద్ధము. ఐనను స్లెడ్జి తన జేబులోని చిన్న క్రైస్తవ మతగ్రంథపు పుటలలో రహస్యముగ గుఱుతులు వ్రాసికొని, పెలెలియూ, ఒకినావా ద్వీపముల పోరులనుండి వానిని భద్రముగ తెచ్చుకొనెను. ఆ గుఱుతులే ముప్పదియేండ్లకు పైబడిన తరువాత గ్రంథమైనవి. తమవారు చేసిన క్రూరకృత్యములను గూడ అతడు దాచలేదు. అట్టి సాక్ష్యమున కెక్కువ బరువు. తాను చూచినది, చూచిన కాలముననే వ్రాసికొన్నది, తనకు సిగ్గు కలిగించునది యైనను విడువనిది.

మఱియొక లోపమును చెప్పి ముందునకు పోదము. ఒక కంపెనీ కథ చెప్పునపుడు ఇతరుల పని మఱుగున పడుట సహజము. 1945 ఏప్రిలున జర్మనీలో లాండ్స్‌బర్గు సమీపమున యూదులను నిర్బంధించిన శిబిరమును ఈజీ కంపెనీయే మొదట కనుగొన్నట్లు నాటకమున చూపిరి. ఆ ప్రాంతపు శిబిరములకు ముందుగ చేరినవి వేఱు దళములు. శిబిరము నిజము, అందలి ఘోరము నిజము, చేరిన వరుస మాత్రము మాఱినది. ఇంకొక పెద్ద మఱుగు గలదు. ఆ ప్రపంచయుద్ధమున మన దేశమునుండి 25 లక్షలమంది సైన్యమున చేరిరి. మరణించినవారిలో 87,000 మందికి పైగా పేర్లు స్మారకములలో చెక్కబడియున్నవి. పాశ్చాత్యుల ప్రసిద్ధ నాటకములలో వారు దాదాపు కనబడరు. మన పశ్చిమగోదావరి ప్రాంతమందలి మాధవరము, సైన్యమున చేరినవారి ఆధిక్యముచే "మిలిటరీ మాధవరము" అని పేరు పొందినది. రెండు ప్రపంచయుద్ధములందును ఆ గ్రామస్థులు పనిచేసిరి. వారి గుంటల కథ ఏ తెఱమీదను రాలేదు.

మన దేశమున ఇట్టి ప్రయత్నములు లేకపోలేదు. 1988లో చేతన్ ఆనంద్ దర్శకత్వమున పరమవీరచక్ర పొందిన సైనికుల కథలు దూరదర్శనమున నాటకములుగ వచ్చినవి. కబీర్ ఖాన్ అను దర్శకుడు సుభాసు చంద్రబోసు నడిపిన ఆజాద్ హింద్ ఫౌజు సైనికులతో కలిసి వారు నడిచిన దారులలో తిరిగి 1999లో ఒక వార్తాచిత్రము తీసెను. అందు కెప్టెను లక్ష్మీ సెహగల్ వంటివారు స్వయముగ మాటలాడిరి. అదే విషయమును అతడు 2020లో కల్పితపాత్రలతో అయిదు భాగముల నాటకముగ తీసెను. మొదటిది సాక్ష్యము, రెండవది కథ. రెండింటిని వేఱుగ నుంచుట మంచి పద్ధతి. కథ చూచి కదలినవాడు సాక్ష్యమును వెదకి చూచుకొనవచ్చును.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి, ఇట్టి నాటకమును చూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలని నా మనవి. మొదటిది: ఇది ఎవరి మాటనుబట్టి తీసినది? మూలసాక్షి పేరు చెప్పినారా, లేక "జరిగిన కథ" యని మాత్రమే ఊరకుండినారా? రెండవది: ఆ సాక్షి దీనిని చూచినాడా, వినినాడా? ఒక్కడే యున్నచోట జరిగిన మాటలు, శత్రువుల శిబిరమున జరిగిన ఆలోచనలు తెఱమీద కనబడినచో అవి కల్పనలని యెఱుంగవలెను. మూడవది: ఇందు నింద పడినవా డెవడు? పిఱికివాడని, అసమర్థుడని, ద్రోహియని చూపబడినవాని పక్షమున మాటలాడువారు నాటకమున ఉన్నారా? వీరుని కొంత పెంచి చెప్పినచో కలుగు నష్టము స్వల్పము. నిరపరాధిని తగ్గించి చెప్పినచో ఆ నష్టము తీఱునది కాదు. ఈ మూడు ప్రశ్నలు మనుమలకు గూడ నేర్పుడు. వారు కన్నీరు పెట్టుకొనుటకు అడ్డు రావలసిన పని లేదు. కన్నీరు తుడుచుకొన్న తరువాత అడిగినను చాలును.

పెద్దలు చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. ఈజీ కంపెనీవారిలో కడపటివాడు బ్రాడ్‌ఫర్డు ఫ్రీమన్. అతడు 2022 జులైలో తన 97వ యేట కన్నుమూసెను. ఇక ఆ కంపెనీని గుఱించి ఎన్ని నాటకములైనను తీయవచ్చును గాని, "అట్లు కాదు, ఇట్లు జరిగినది" అని సరిదిద్దువాడు లేడు. మన గ్రామములలో 1962లోను, 1965లోను, 1971లోను, 1999లోను సరిహద్దులలో నిలిచినవారు ఇంకను కలరు. వారిలో పెక్కుమంది తమంత తాము చెప్పరు. అడిగినవారును అరుదే. మనము వారి ప్రక్కన గూర్చుండి అడిగి వ్రాయవలెను. చేతి ఫోనులో వారి గొంతును నిలుపుట నేడు పిల్లలకు గూడ తెలిసిన విద్య.

వ్రాయునపుడు ఊరు, తేదీ, దళము పేరు తప్పక వ్రాయుడు. "నేను చూచితిని" అన్నది ఒక ప్రక్కను, "నేను వింటిని" అన్నది వేఱొక ప్రక్కను వ్రాయుడు. చెప్పుటకు ఇష్టపడనిదానిని బలవంతముగ అడుగవలదు. చనిపోయినాడని వారు చెప్పిన మిత్రుని యూరికి ఒక్క కార్డు వ్రాసి కనుగొనుడు. ఒకవేళ ఆ మిత్రుడు ఏ అరుగుమీదనో కూర్చుండి, ఇతనినే చనిపోయినవానిగా తలచుచుండవచ్చును.